అవ్వ యాడుంది?

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ మా పాప కుడికన్ను మూసి, "ఎదురుగా ఎవరున్నారో చెప్పు" అంది. గోడవారన బెంచీ మీద మా అత్త కూర్చుని ఉంది. ఐదేళ్ల పిల్ల, ఆమె ఒళ్లోనే పెరిగింది. అటూ ఇటూ చూసి, "అవ్వ యాడ పోయింది?" అని అడిగింది.

ఎడమకంటి చూపు మందగించిందట. రోజూ మంచి కంటికి పట్టీ వేసి, రెండో కంటితో పని చేయించాలట. ఇప్పుడు అశ్రద్ధ చేస్తే పెద్దయ్యాక ఆ చూపు రావడం కష్టమట. చెప్పడం తేలికే! పట్టీ అంటించిన మరుక్షణం మా పిల్ల పీకి పారేసేది. నాకసలే ముక్కు మీద కోపం. బుజ్జగించాను, అరిచాను, చివరికి దానితోపాటు నేనూ ఏడ్చాను.

"ఏంది మే, బిడ్డనట్టా ఏడిపిస్తా ఉండావు? ఆ కంటితో చూసేదానికి ఏదన్నా ఉండాల గదా!" అంది అత్త.

ఆ ఆదివారం సంతలో, పాత పుస్తకాల కుప్పలో ఒక బొమ్మల పుస్తకం దొరికింది. పేజీ నిండా చిందరవందరగా సామాన్లు. వాటిలో దాగిన తాళంచెవినో దువ్వెననో వెతికి పట్టుకోవాలి. ఏవి వెతకాలో కింద బొమ్మలే ఉన్నాయి. అత్తకు తెలుగూ చదవడం రాదు, అరవమూ చదవడం రాదు. "అక్షరమే లేదే! ఇట్టాంటి బుక్కయితే నేనూ ఇస్కూలుకు పోయుందును" అని మురిసిపోయింది.

పక్కనున్న జాలరిపేట కురుచికుప్పం వైపు నుంచి వీచే సముద్రపు గాలికి పేజీలు ఎగరకుండా అత్త ఒక మూలన మోకాలు ఆనించి కూర్చునేది. పిల్ల పట్టీతో పక్కన బోర్లా పడుకునేది. ఉన్ని చేతితొడుగు కనబడితే అత్త "వేడిగిన్నె దించే గుడ్డ" అనేది. పిల్లా ఆ పేరుతోనే వెతికేది. నేను సరిదిద్దబోతే, "నువ్వు పోమ్మా" అని ఇద్దరూ తరిమేవాళ్లు. పట్టీ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

కొన్నాళ్లకు పిల్లకు అన్నీ చకచకా దొరికిపోసాగాయి. నా సంబరం ఇంతా అంతా కాదు. ఒకరోజు చూద్దును గదా, అది కిటికీలోంచి బయటికి చూస్తూ పేజీ మీద వేలు పెడుతోంది! మొత్తం బట్టీపట్టేసింది. "ఓసి దొంగదానా!" అని చెయ్యెత్తాను. అత్త నా చెయ్యి పట్టుకుని పకపకా నవ్వి, పుస్తకాన్ని తలకిందులుగా తిప్పింది.

"ఇప్పుడు కనిపెట్టవే, చూస్తాం!"

పిల్ల ముక్కు పేజీకి ఆనించి మళ్లీ మొదలుపెట్టింది.

మొన్న మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. స్తంభాల హాలు కిక్కిరిసి ఉంది. అత్త ఆ జనంలోనే ఎక్కడో కూర్చుండిపోయింది. లోపల డాక్టరమ్మ మంచి కన్ను మూసి అక్షరాల పలక వెలిగించేలోపే, పిల్ల తెరిచి ఉన్న తలుపులోంచి హాలు కేసి చూసింది. నేనూ చూశాను. ఆమె జాడ నాకు దొరకలేదు.

"అవ్వ ఆడుంది! కంబం పక్కన, ఎర్రసీర ఆయమ్మ ఎనకాల. నిద్రపోతా ఉంది."

గబగబా వెళ్లి అత్త చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను. ఆమె ఉలిక్కిపడి లేచింది.

"ఏంది మే, కునుకన్నా పోనీవా?"