బావ అడగని బరువు

మా బావకి ఎవరు కనబడినా ముందు వాళ్ళ బరువు కావాలి. పేరు, క్షేమసమాచారాలు అన్నీ ఆ తర్వాత. "నమస్కారమండీ మీ బరువెంత" అన్నది ఆయన నోట ఒకటే మాట. మధ్యలో ఊపిరి కూడా తీసుకునేవాడు కాదు. అందుకే వీధి మొత్తం ఆయనకి 'కాటా' అని పేరు పెట్టేసింది. మర్యాదస్తులు కాటాగారూ అనేవారు. అసలు పేరు తెలిసిన మా అక్క ఆ పేరు పలికేది కాదు. "ఏమండీ" అనేది, లేదంటే గిన్నె చప్పుడు చేసేది. రెండింటికీ పలికేవాడు.

బావది కరెంటు సైకిళ్ళ షాపు. లోపల రిపేర్లు ఆయనవి. ముందు బల్ల మీద బెల్లులు, ట్యూబులు, తాళాలు నావి. సైకిల్ కొనడానికి వచ్చినవాళ్ళని నేను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, రంగులు చూపించి, వాళ్ళ మనసు మెత్తబడుతున్న సమయానికి బావ చేతులు తుడుచుకుంటూ వచ్చి బరువడిగేవాడు. సగం బేరాలు అక్కడే ఆగిపోయేవి.

ఒకసారి హెడ్మాస్టరుగారు వచ్చారు. నిండైన మనిషి. అడగ్గానే ఏదో అంకె చెప్పారు.

"అది మీ పెళ్ళినాటి బరువనుకుంటా. ఈ మధ్యది చెప్పండి" అన్నాడు బావ.

హెడ్మాస్టరుగారి ముఖం కందగడ్డయింది. నేను అడ్డం పడి ఏదో అనబోయాను.

"నువ్వుండరా. సార్, ఆ సంచిలో ఏముంది? పేపర్లా? రోజూ తీసుకెళ్తారా? భోజనం చేశాక ఎక్కుతారా, చేయకముందా?"

వయొలిన్ నేర్పే టీచరమ్మనైతే నలుగురి ముందు అడిగేశాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, ఆయన్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళిపోయింది. విషయం తెలిసి అక్క వీధి చివరిదాకా పరుగెత్తి క్షమాపణ చెప్పుకుని వచ్చింది. "మీ బావని ఎవరింటికీ తీసుకెళ్ళలేకపోతున్నాను రా" అని నా దగ్గర తలపట్టుకుంది. నిజానికి ఒక్క ఇంటికి తీసుకెళ్ళచ్చు. పసిబిడ్డ పుట్టిన ఇంటికి. అక్కడ ఆ ప్రశ్న ఎవరికీ తప్పనిపించేది కాదు. బిడ్డ బరువు విని బావ, "బ్రహ్మాండం, ఏ గేరైనా పెట్టచ్చు" అనేవాడు.

ఆయన పిచ్చికో కారణం ఉంది. మా షాపులోవి హబ్బు గేర్ల సైకిళ్ళు. గేరు పళ్ళన్నీ వెనక చక్రం నడిమధ్య ఓ మూసిన డబ్బాలో ఉంటాయి. ఆ డబ్బాకి బలం చైను ద్వారా అందుతుంది. పెడలు దగ్గరి పళ్ళచక్రం చిన్నదిగా, వెనక చక్రందేమో పెద్దదిగా పెడితే ఎంతటి ఎత్తయినా సులువుగా ఎక్కచ్చు. అందరికీ అదే కావాలి. కానీ అలా పెడితే కాళ్ళ బలం, మోటారు బలం కలిసి రెట్టింపై వెళ్ళి డబ్బాలోని చిన్న చిన్న పళ్ళ మీద పడతాయి. అందుకే తయారుచేసినవాళ్ళు ఇంతకంటే తేలిక చేయవద్దని ఓ హద్దు పెట్టారు. మనిషి, మోసే సరుకు కలిపి బరువు పెరిగేకొద్దీ ఆ హద్దు ఇంకా బిగుసుకుంటుంది.

"దాటితే ఏమవుతుంది బావా, కొంచెం?" అని తొలిరోజుల్లో అడిగాను.

"షాపు ముందు ఏమీ అవదు. ఎత్తు మధ్యలో, వెనక లారీ ఉన్నప్పుడు అవుతుంది. పళ్ళు విరిగి పెడలు ఉత్తినే తిరుగుతుంది. బండి వెనక్కి జారుతుంది. వెనక సీట్లో ఎవరు కూర్చున్నారో ఆ డబ్బాకి తెలియదు కదరా."

ఆ హద్దు విషయంలో ఆయనకి చుట్టమూ పక్కమూ లేరు. మినహాయింపంటూ ఉంటే గింటే మా అక్కకి ఉండాలి. ఆవిడకీ లేదు.

అక్కది లాండ్రీ పని. గుట్ట మీది ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, పెద్ద బుట్ట ఉన్న కరెంటు సైకిల్ మీద తనే తీసుకెళ్ళి ఇచ్చేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ మొగుణ్ణి అడిగింది ఒక్కటే. నగలు కాదు, చీరలు కాదు. తేలిక గేరు.

"మీ సైకిల్ షాపులో పెళ్ళానికి ఓ చిన్న పళ్ళచక్రం లేదా?"

"ఉంది. నీ బరువు, దుప్పట్ల బరువు కలిపితే కుదరదు. బరువు దించు."

"ఎవర్ని దించను? ఇంట్లో మీరొక్కరే బరువు."

రోజూ గుట్ట దిగి వచ్చి, తలుపు తీసిన దగ్గర్నుంచి అన్నం వడ్డించేదాకా ఆయన్ని చెడామడా తిట్టేది. బావ తలొంచుకుని తినేవాడు. తేలిక గేరు మాత్రం ఇచ్చేవాడు కాదు. అయితే పొద్దున్నే ఆవిడ బయల్దేరగానే షాపు నాకప్పగించి మాయమయ్యేవాడు. గుట్ట మలుపు దగ్గర నిలబడి, అక్క రాగానే బుట్ట వెనక చెయ్యి వేసి తోసుకుంటూ పైదాకా పరుగెత్తేవాడు. మోటారున్న సైకిల్‌ని మనిషి తోయడం చూసి జనం నవ్వుకునేవారు.

"ఏం కాటాగారూ, బ్యాటరీ అయిపోయిందా?"

"టెస్టింగండీ. హబ్బు చప్పుడు వింటున్నాను" అనేవాడు రొప్పుతూ. ఏళ్ళ తరబడి ఆ టెస్టింగు పూర్తికాలేదు.

ఆ తర్వాత అక్కకి జబ్బు చేసింది. తిన్నది ఒంటికి పట్టని జబ్బు. ఏ ఆసుపత్రికి దుప్పట్లు మోసిందో అదే ఆసుపత్రిలో మంచమెక్కింది. వెళ్ళి చూస్తే దుప్పటి అంచు పట్టుకుని, "ఇది ఇస్త్రీయా? ఎవరికిచ్చారు రా నా పని?" అని రుసరుసలాడుతోంది. నర్సు వచ్చి అక్కని కాటా మీద నిలబెట్టింది. అంకె పైకి చదువుతుందేమోనని బావ గబుక్కున లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. నేను వెనకే వెళ్ళాను. గోడమీది బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాడు. దాని మీద 'నిశ్శబ్దం' అని తప్ప ఏమీ లేదు.

ఆ రోజునుంచి షాపులోనూ ఎవర్నీ బరువు అడగలేదు. వచ్చినవాళ్ళు ఆ ప్రశ్న కోసం కాసేపు చూసి, అడగకపోయేసరికి ఏదో పోగొట్టుకున్నట్టు ముఖం పెట్టేవారు. ఒక మధ్యాహ్నం వయొలిన్ టీచరమ్మ మళ్ళీ వచ్చింది. స్టూలు మీద కూర్చుని, ఎవరూ అడగకుండానే తన బరువు, వయొలిన్ పెట్టె బరువు, చెప్పుల బరువుతో సహా గట్టిగా చెప్పింది. బావ ఆవిడకి చెయ్యెత్తి నమస్కారం పెట్టి లోపలికెళ్ళి సరైన పళ్ళచక్రం వెతికాడు. వెతకడానికి చాలాసేపు పట్టింది.

చికిత్సకీ చికిత్సకీ నడుమ ఓసారి అక్కని ఇంటికి పంపించారు. నాలుగు అడుగులు వెయ్యగలిగేసరికి ఆవిడ పట్టు పట్టింది. "ఒక్కసారి నా చేత్తో ఇస్త్రీ చేసిన దుప్పట్లు నేనే ఇచ్చొస్తాను. చిన్న మూట. కాదన్నారంటే అన్నం ముట్టను." ఆవిడ అన్నం తింటుందనే ఆశతో మేమందరం బతుకుతున్న రోజులవి. బెదిరింపు పనిచేసింది.

బావ షట్టరు సగం దించి, ఆవిడ సైకిల్‌ని తిరగేసి పెట్టాడు. పెడలు దగ్గరి పెద్ద పళ్ళచక్రం విప్పి చిన్నది బిగిస్తున్నాడు.

"బావా, హద్దు దాటిపోదూ?"

"దాటదు."

"అక్కని బరువు అడిగావా?"

పానా పక్కన పెట్టాడు. "అడగడం ఎందుకురా? పొద్దున ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేదీ, మళ్ళీ ఎత్తి పడుకోబెట్టేదీ నేనే కదా."

పానా మళ్ళీ అందుకుని అన్నాడు, "తనకి చెప్పకు. కాళ్ళకి బలం వచ్చిందనుకోనీ."

మర్నాడు అక్క బయల్దేరింది. వెనక ఇంకో సైకిల్ మీద నేను. బావ రాలేదు, చూడలేనన్నాడు. అక్క మలుపు దగ్గర ఆగలేదు. ఆయాసపడలేదు. దారిలో ఆకుకూరలమ్మే ఆవిడకి బెల్లు కొట్టి మరీ చెయ్యూపింది. దుప్పట్లిచ్చి బయటికొచ్చి, గేటు పక్క పిట్టగోడ మీద కూర్చుని, వంగి పళ్ళచక్రం మీద చెయ్యి పెట్టింది. వేలికి నూనె అంటింది.

"పాతది ఎక్కడ పెట్టాడు రా?"

"పాతదేమిటి? నీకు బలం వచ్చింది కదక్కా."

"నీ ముఖానికి అబద్ధం అతకదు. ఊరుకో." కిందికి, దూరంగా కనబడుతున్న మా షాపు రేకుల వైపు చూసింది. "మీ బావ ప్రాణం పోయినా హద్దు దాటడు. దాటకుండానే ఇది బిగించాడంటే, ఆ హద్దు లోపలికి నేనే వచ్చేశాను. ఇన్నేళ్ళు బరువు దించు, బరువు దించు అని నా ప్రాణం తీశాడు. దించేశాను, తీసుకోమను."

అని నవ్వింది. నవ్వు ఆపుకోలేక పిట్టగోడ పట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

"చాల్లే. ఆయనకి చెప్పకు. నేను మోసపోయాననుకోనీ. ఆ మాత్రం సంతోషం ఉండనీ ఆయనకి."

దిగి వచ్చేసరికి బావ షాపు ముందు కూర్చుని ఎవరిదో టైరుకి గాలి కొడుతున్నాడు. ఎప్పటినుంచి కొడుతున్నాడో, అది రాయిలా ఉంది. అక్క బ్రేకు వేసి, "గుట్ట పొట్టిదైపోయిందండీ!" అంది. "నేను చెప్పలా, బలం వస్తుందని" అన్నాడు బావ. ఇద్దరూ నన్ను చూశారు. నేను బెల్లులు తుడవడానికి లోపలికెళ్ళిపోయాను.

వానలు పడకముందే అక్క పోయింది.

ఆ రెండు రహస్యాలూ నా కడుపులో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉండిపోయాయి. వానలు వెలిశాక ఒకరోజు ఆసుపత్రివాళ్ళు దుప్పట్లకి కొత్తగా పెట్టుకున్న అమ్మాయి ఓ సైకిల్ కోసం వచ్చింది. బావ కాసేపు ఆలోచించి అక్క సైకిల్ బయటికి తీశాడు. ఆ అమ్మాయికి సరిపడేట్టు పెద్ద పళ్ళచక్రం మళ్ళీ బిగించాలని చిన్నది విప్పుతున్నాడు. ఇక నావల్ల కాలేదు.

"బావా, నీకో మాట చెప్పాలి. అక్కకి తెలుసు. ఆరోజే గుట్ట మీద చెప్పింది. నీకు చెప్పద్దంది."

బావ చేతిలో పని ఆగలేదు. "నాకూ తెలుసులేరా, తనకి తెలుసని."

"ఎలా?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ గుట్ట దిగొచ్చి నన్ను తిట్టని రోజుందా? ఆరోజు తిట్టలేదు. లోపలికొచ్చి ఎంతో మర్యాదగా, 'కాఫీ తాగుతారా అండీ' అంది. నా పైప్రాణాలు పైనే పోయాయి."

"మరి ఏం చేశావు?"

"ఏం చేస్తాను? తాగాను." బావ కళ్ళు తుడుచుకున్నాడు. నూనె చెయ్యి కావడంతో ముఖమంతా నల్లబడింది. అందులోంచి నవ్వు వచ్చింది. "పంచదార బదులు ఉప్పు వేసింది రా. రెండో గ్లాసు కూడా అడిగి తాగాను."