సీటు కోసం పటాన్‌చెరు మీదుగా

పొద్దున ఆరున్నరకు సంగారెడ్డిలో బస్సెక్కాను. చేతిలో ఇరవై జిరాక్స్ ఫారాలు, ఒంటి మీద ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. సోషియాలజీలో పీహెచ్‌డీ సీటుకు పదకొండింటికి యూనివర్సిటీలో ఇంటర్వ్యూ. ఇప్పటికే రెండుచోట్ల రాలేదు. ఇదీ పోతే నాన్న మాట్లాడిపెట్టిన ఫ్యాక్టరీలో, గేటు దగ్గర హాజరు రాసే పనికి సోమవారం కూర్చోవాలి. 

నా అంశం మందుల ఫ్యాక్టరీ కార్మికుల బతుకు. చిన్న సర్వే చేసి తెమ్మన్న ఉత్తరం చేరింది ముందురోజు సాయంత్రం. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు, ఏడుంబావుకు పటాన్‌చెరులో దిగాను. కాజీపల్లి, గడ్డపోతారం ఫ్యాక్టరీలకు పోయేవాళ్లు కంపెనీ బండ్ల కోసం అక్కడే నిలబడతారు. చాయ్ తాగి, పెన్ను తీసి, మొదటి మనిషిని పేరడిగాను.

"మాస్కులు ఇస్తున్రు సార్," అన్నాడు.

అది నేనింకా అడగని నాలుగో ప్రశ్నకు జవాబు. మిగతావాళ్లూ అంతే మర్యాదగా చెప్పారు. వాసన లేదు, దగ్గు లేదు, అందరికీ మాస్కులున్నాయి. ఒకాయన హోటల్లోంచి నాకు కుర్చీ తెప్పించాడు. అరగంటలో ఫారాలన్నీ నిండాయి. ఇంత సులువైన పనికి జనం ఐదేళ్లు ఎందుకు తీసుకుంటారో అర్థం కాలేదు.

ఎనిమిదిన్నరకు ఇంకో బస్సు. యూనివర్సిటీ క్యాంటీన్లో ఉప్మా తినొచ్చు, ఇడ్లీ జోలికి పోవద్దు. ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు కూర్చున్నారు. పెద్ద మేడం ఫారాలు తిరగేసి, ఇరవైమందీ ఒకే మాట ఒకే వరుసలో ఎలా చెప్పారని అడిగింది. ఇంట్లో కూర్చుని రాయలేదని ఒట్టేశాను. పక్కవాళ్లిద్దరూ నవ్వారు.

"శుక్రవారం దాకా సీటు ఆపుతాను. ఒక్క మనిషి చెప్పిన నిజం తీసుకురండి," అంది మేడం.

బయటికొచ్చి ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

సాయంత్రం తిరుగు బస్సులో, పటాన్‌చెరు దగ్గర టిఫిన్ డబ్బాతో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. పొద్దున కాయితాలు పట్టుకుని తిరిగింది నువ్వే కదా అంది. నేను ఆఫీసర్ని కాను, పని లేనివాణ్ణని చెప్పి, జరిగిందంతా చెప్పాను. కళ్లు తుడుచుకునేంత నవ్వింది. తెల్లచొక్కా, కాయితాలు కనిపిస్తే ఏం చెప్పాలో కంట్రాక్టర్ మనిషి ఎక్కాలు అప్పజెప్పించినట్టు గేటు దగ్గర చెప్పిస్తాడట. మాస్కులు తనిఖీ రోజు పొద్దున ఇచ్చి, సాయంత్రం లెక్కపెట్టి తీసుకుంటారట. పోయినసారి ఆమెకొచ్చినదాంట్లో ఎవరిదో గుట్కా వాసన. ఆమెకు ఆర్నెల్లుగా దగ్గు.

"కొడుక్కు చెప్తే పని బంజెయ్ అంటడు. బంజేస్తే ఇల్లెట్ల నడుస్తది?"

పెన్ను జేబులోనే ఉంది. కంది ఊరు దాటాక, రాసుకోనా అని భయంభయంగా అడిగాను.

"రాస్కో. పేరు మాత్రం పెట్టకు. నీకు సీటు రావాలె, నా పని పోవద్దు."

ఈ దారిన పరిశోధనకు వచ్చేవాళ్లకు నా సలహా ఒక్కటే. మాసిన చొక్కా వేసుకుని, పని దిగినవాళ్లు ఎక్కే బస్సెక్కండి. ఒక ఫారం వెనక్కి తిప్పి, కుదుపుల్లో వంకరటింకరగా రాశాను. ఆమెకు చదువు రాదు. అయినా సంగారెడ్డిలో దిగేముందు కాయితం మీదికి వంగి చూసింది.

"దగ్గు సంగతి గూడ రాసినవా?" అంది.