తాళం లేని టెలిఫోను పెట్టె

ఈమధ్య పేపర్లో ఒకే రకం వార్త తరచుగా కనిపిస్తోంది. ఎవరో ఒక కంపెనీ కంప్యూటర్లలోకి చొరబడి, అక్కడ కాపలా సరిగా లేదని రుజువు చెయ్యడానికి ఖాతాదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు అన్నీ తెచ్చి లోకం ముందు పరిచారని. కింద ఇద్దరు పెద్దమనుషుల అభిప్రాయాలు వేస్తారు. అలా చేస్తే తప్ప కంపెనీలు కళ్ళు తెరవవని ఒకరు, ఎంత మంచికి చేసినా అది దొంగతనమేనని ఇంకొకరు. అలా బయటపడ్డ పేర్లలో తన పేరు చూసుకున్న మనిషిని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక సంగతి ఉంది. అది 1987 నాటిది. అప్పటికి నేను కంప్యూటరును బొమ్మలో తప్ప చూడలేదు.

అప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. నరసరావుపేటలో కాలవల ఆఫీసులో లెక్కల గుమాస్తాగా చేసేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. స్టేషను రోడ్డు వెనక వీధిలో, మేడ మీద రెండు గదుల వాటాలో అద్దెకుండేదాన్ని. ఆ వాటాలో పదకొండేళ్ళపాటు మా ఆఫీసు టైపిస్టు కూడా నాతో ఉండేది. ఆమె బియ్యం కడిగితే నేను కూర తరిగేదాన్ని. ఆమెకు రేడియో కావాలి, నాకు నిశ్శబ్దం కావాలి. చివరికి రేడియో చిన్నగా పెట్టుకునే ఒప్పందానికి వచ్చాం. 1984లో, ముప్పై తొమ్మిదో ఏట, ఆమెకు మాచర్లలో నాపరాళ్ళ వ్యాపారితో పెళ్ళి కుదిరింది. భార్య పోయినవాడు, ఇద్దరు పిల్లలు. మంచి సంబంధమే. నేనే దగ్గరుండి బస్సెక్కించాను. రేడియో ఆమెకే ఇచ్చేశాను.

ఆ నెలలోనే టెలిఫోనుకు దరఖాస్తు పెట్టాను. 1986 ఆగస్టులో వచ్చింది.

"ఒక్కదానివి, నీకు ఫోనెందుకమ్మా?" అని కింద వాటాలో ఉండే ఇంటావిడ అడిగింది.

"ఆఫీసు పనుంటుందండీ," అన్నాను.

ఆఫీసు పనేమీ లేదు. ఆదివారం మధ్యాహ్నం మా టైపిస్టు భర్త భోంచేసి కొట్టుకు వెళ్ళాక నేను మాచర్లకు ట్రంకాల్ బుక్ చేసేదాన్ని. వీధి వైపు కిటికీ మూసి ఫోను పక్కన కూర్చునేదాన్ని. ఒక్కోసారి వెంటనే కలిసేది, ఒక్కోసారి సాయంత్రమయ్యేది. "మాచర్ల లైన్లో ఉంది, మాట్లాడండి," అనేది ఆపరేటరు. మూడు నిమిషాలు కాగానే గుర్తు చేసేది. ఆ ఆపరేటరుకు మా మాటలు వినపడతాయని నాకు తెలుసు. దానికి నేనెప్పుడూ ఇబ్బంది పడలేదు. డాక్టరు చెయ్యి లాంటిది ఆ చెవి. పని కోసం తాకుతుంది, పని కాగానే మరిచిపోతుంది.

ఏం మాట్లాడుకునేవాళ్ళమంటే, ఏమీ లేదు. ఏం వండావు, మోకాలు ఎలా ఉంది, ఆ నీలం చీర వెలిసిందా. వారం మొత్తంలో నన్ను 'ఏమే' అని పిలిచే గొంతు అదొక్కటే.

శీతాకాలంలో వచ్చిన బిల్లులో నేను చెయ్యని కాల్స్ కనిపించాయి. అన్నీ ఆదోనికి. నేను మాట్లాడిన ప్రతి కాలూ గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకునేదాన్ని. అది ఆఫీసు అలవాటు. క్యాలెండరు తీసుకునే ఎక్స్ఛేంజికి వెళ్ళాను.

"మీ ఇంట్లో ఎవరో చేసుంటారమ్మా," అన్నాడు అక్కడి ఆఫీసరు.

"మా ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను."

"అయితే మీరే చేసి మర్చిపోయుంటారు."

నేను మరిచిపోయే మనిషిని కాను. అదే మాట ఆయనతో అన్నాను. ఆయన నవ్వి, టీ తాగుతారా అని అడిగాడు.

మా వీధి చివర మైకుసెట్టు దుకాణం ఉండేది. పెళ్ళిళ్ళకూ ఎన్నికలకూ మైకులు అద్దెకిచ్చే సాయిబు దాన్ని నడిపేవాడు. నాకన్నా ఏడెనిమిదేళ్ళు చిన్న. నన్ను అక్కా అనేవాడు. నా గోడు విని, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని నాతో వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. నూనె మిల్లు గోడ పక్కన, స్తంభానికి బిగించిన టెలిఫోనువాళ్ళ ఇనప పెట్టె దగ్గర ఆగాడు.

"ఇది చూడక్కా. తాళం యాడుంది? గుడ్డపేలికతో కట్టారు. ఈ పేటలో ఫోన్లన్నిటి తీగలూ ఇందులోనే. ఎవుడన్నా వచ్చి రెండు క్లిప్పులు తగిలిస్తే మీ ఫోను ఆడిదే. ఇనొచ్చు, మాట్టాడొచ్చు. బిల్లు మాత్రం మీకొస్తది."

"ఆదోనిలో ఎవరున్నారు?"

"పత్తి బేరగాళ్ళుంటారు. మన షావుకార్లు ఏ రేటు చెప్పుకుంటున్నారో ఇక్కడినించే ఇని, ఇక్కడినించే ఆదోనికి చెప్తన్నాడు ఎవుడో. చానా తెలివైనోడు."

ఇద్దరం కలిసి అర్జీ రాశాం. అక్షరాలు నావి, సంగతి అతనిది. కింద ఇద్దరం సంతకాలు పెట్టాం. నెల గడిచినా పేలిక పేలికగానే ఉంది. అతనే మళ్ళీ వెళ్ళి అడిగాడు. తిరిగి వచ్చినప్పుడు ముఖం ఎర్రగా ఉంది.

"ఏమన్నారు?"

"మైకులోడు మాకు టెలిఫోను నేర్పుతాడంట్రా అని నవ్వారక్కా. అటెండరు గూడా నవ్వాడు. చెప్తే ఇనరు ఈళ్ళు. నేనే ఏదో ఒకటి చూస్తా."

చూడమన్నాను. గుంటూరు వెళ్ళి పై ఆఫీసులో చెప్తాడనుకున్నాను.

ఫిబ్రవరిలో రెండో ఆదివారం. పత్తి బళ్ళతో, సంతకు వచ్చినవాళ్ళతో బజారంతా గోలగా ఉంది. కిటికీ మూసి కాల్ బుక్ చేశాను. త్వరగానే కలిసింది.

"ఏం వండావే?" అంది.

"దోసకాయ పప్పు."

"ఒక్కదానివి, మిగిలుంటది."

"పప్పూ మిగిలింది, అన్నమూ మిగిలింది. ఇప్పటికీ ఇద్దరికి సరిపడా బియ్యమే పోస్తున్నానే. నా చేతికి ఒక్కరి కొలత రావట్లేదు."

ఆమె అంది: "నేనిక్కడ ఇంతమందికి వండుతా. అందరూ తిని లేచాక నేను కూర్చుంటా. పక్కన ఎవరూ ఉండరు. ఆయన మంచోడేనే. కానీ మాట్టాడడు. లెక్క అడుగుతాడు, అంతే."

"రెండు రోజులు రాకూడదూ," అన్నాను.

అప్పుడు గమనించాను, బయట గోల లేదు. బళ్ళ చప్పుడు లేదు, బేరాల అరుపులు లేవు. మూసిన కిటికీ అవతలి నుంచి, నేను అన్న క్షణానికే, "రాకూడదూ" అని నా గొంతే నాకు వినపడింది. నాకన్నా చాలా పెద్దగా.

లైన్లో ప్రతిధ్వనేమో అనుకున్నాను. ఏమీ అనకుండా ఆగాను.

"ఏమైందే? ఉన్నావా?" అంది ఆమె, నా చెవిలో. ఆ వెంటనే బజార్లో, "ఉన్నావా?"

రిసీవరు బల్ల మీద పెట్టి కిటికీ తెరిచాను. నూనె మిల్లు గోడకు రెండు మైకు హారన్లు కట్టి ఉన్నాయి. వాటి కింద జనం తలలెత్తి నిలబడి ఉన్నారు. దేవుడి ఊరేగింపుకు కూడా అంత నిశ్శబ్దంగా నిలబడగా నేను చూడలేదు. ఆ హారన్లలోంచి, "ఏమే, ఉన్నావా? ఉన్నావా?" అని ఆమె నన్ను పిలుస్తోంది. పలకడానికి నా దగ్గర గొంతు లేదు. ఏం పలికినా అది బజార్లోకే వెళ్తుంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత సాయిబు గొంతు వచ్చింది.

"అయ్యలారా, ఇన్నారుగా! ఇదీ మన టెలిఫోను. మన ఇళ్ళల్లో మాటలు నడిబజార్లో పడున్నయ్. పెట్టెకి తాళం ఎయ్యండయ్యా అంటే ఆఫీసోళ్ళు నవ్వుతున్నారు. రేపు మీ మాటలూ ఇంతే."

సోమవారం మధ్యాహ్నానికి పెట్టెకు తాళం పడింది. ఇత్తడిది, పెద్దది. షావుకార్లు వెళ్ళి గట్టిగా అడిగారట. పోలీసులు మైకుసెట్టు పట్టుకుపోయారు, కానీ సాయిబు పేరు టీ కొట్లన్నిటిలో మోగింది. తర్వాతి బిల్లులో ఆదోని లేదు. అతను అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. దాన్ని నేను ఏనాడూ కాదనలేదు. మా అర్జీ చెయ్యలేని పనిని ఆ హారన్లు ఒక్క పూటలో చేశాయి.

కింద ఇంటావిడ ఆ ఆదివారం సాయంత్రమే మేడెక్కి వచ్చింది.

"ఏందమ్మా, ఒక్కదానివే తినలేకపోతే మా వంటింట్లో కూర్చుని తినొచ్చుగా. ఊరందరికీ చెప్పుకోవాల్నా?" అని గిన్నెడు గోంగూర పచ్చడి పెట్టి వెళ్ళింది. మంచి మనసుతోనే అంది. కూరలమ్మే ఆమె మాత్రం తక్కెడ పట్టుకుని, "ఈ పూట వంకాయలు ఎంతమందికమ్మోయ్?" అని అడిగితే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. నేను రాగానే మాటలు ఆపేవాళ్ళు, అంతే.

మైకుసెట్టు విడిపించుకున్నాక సాయిబు మా మెట్ల దగ్గరికి వచ్చాడు. పైకి రమ్మన్నా రాలేదు. నేనే రెండు మెట్లు దిగాను.

"అక్కా, మీ లైనని ముందు తెల్వదు. షావుకార్ల తీగలే వెతికా. ఆదివారం గదా, అన్నీ చచ్చిపడున్నయ్. మాటలున్న తీగ అదొక్కటే దొరికింది."

"నా గొంతు నీకు తెలీదా?"

"తెలిసింది."

"ఎప్పుడు?"

తల దించుకున్నాడు. "దోసకాయ పప్పు అన్నప్పుడే."

"మరి ఆపొచ్చుగా."

"ఆపుదామనే చెయ్యి పెట్టానక్కా. తలెత్తి చూస్తే బళ్ళోళ్ళు బళ్ళాపేశారు. నా జన్మలో నేను మైకులో ఎంత అరిచినా అట్టా ఎవరూ ఆగలా. ఇప్పుడు తీసేస్తే మళ్ళీ ఈ జనం ఆగరు అనిపించింది."

"నీ మాటలు వినిపించకపోయావా? ఏ దుకాణం ఫోను నుంచో నువ్వే మాట్లాడి, నీ మనిషిని ఇక్కడ క్లిప్పులు పెట్టమంటే సరిపోయేది."

"నాటకం అంటారక్కా. నేను మాట్టాడితే మైకు కోసం మాట్టాడినట్టుంటది. మీది నిజం గాబట్టే నమ్మారు."

అతను చెప్పింది తప్పు కాదు. తప్పు కాకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నా మాట నిజం కాబట్టే అది నాది. నిజం కాబట్టే అది అతనికి పనికొచ్చింది.

"మీరు ఊఁ అంటే మైకులో అందరి ముందూ తప్పయిందని చెప్తా," అన్నాడు.

"మళ్ళీ మైకులోనా?" అన్నాను.

ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ ఎక్కువసేపు లేదు.

"నా సంగతి సరే," అన్నాను. "ఆ రెండో ఆవిడ మాటలు కూడా వినిపించావు. ఆమె అర్జీ మీద సంతకం పెట్టలేదు. నిన్ను ఏమీ అడగలేదు. ఆమె మొగుడు మాచర్లలో ఉంటాడు, పేట సంతకు వచ్చే బళ్ళు మాచర్ల కూడా వెళ్తాయి."

అతను ఆ సంగతి ఆలోచించలేదని అతని ముఖం చూస్తేనే తెలిసింది. చాలాసేపు మెట్టును కాలితో రాస్తూ నిలబడి వెళ్ళిపోయాడు.

సంగతి నేననుకున్నట్టే మాచర్ల చేరింది. ఆ తర్వాతి ఆదివారం ఆమె భర్త కొట్టుకు వెళ్ళలేదు. ఫోను ఆయనే తీశాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"ఆమె పనిలో ఉందండీ. ఏమన్నా చెప్పాల్నా?"

"ఏం లేదండీ. ఊరికే చేశాను."

"లెక్క అడుగుతాడని చెప్పుకున్నారుగా. ఇప్పుడు అడగట్లేదని చెప్పండి, మీ ఊరోళ్ళకి."

ఇంకో వారం ఆగి మళ్ళీ చేశాను. ఈసారి ఆమే తీసింది. వెనక ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినపడింది.

"బాగున్నారా?" అంది.

పదకొండేళ్ళు ఒకే వాటాలో ఉన్న మనిషి నన్ను మీరు అంది.

"బాగున్నాను. ఎండలు ఎలా ఉన్నాయి అక్కడ?"

"బాగా ముదిరినయ్. అక్కడో?"

"ఇక్కడా అంతే."

పెట్టెకు తాళం పడిందని చెప్పాను. ఇప్పుడు ఎవరూ వినలేరని చెప్పాను. "అట్టనా, మంచిది," అంది. ఆపరేటరు గుర్తు చెయ్యకముందే మాటలు అయిపోవడం అదే మొదటిసారి. ఉంటానండీ అని ఆమే పెట్టేసింది.

ఆ సాయంత్రం నూనె మిల్లు దాకా నడిచివెళ్ళాను. సాయిబు దుకాణంలో దీపం ఉంది. అతను నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను పెట్టె దగ్గరికి వెళ్ళి, ఊరికి వెళ్ళేముందు సొంత ఇంటి తాళం లాగి చూసుకున్నట్టు ఆ ఇత్తడి తాళాన్ని లాగి చూశాను. గట్టిగానే ఉంది. అంత మంచి తాళం వేస్తారని నేననుకోలేదు.

ఇంటికి వచ్చి రాత్రికి ఎసరు పెట్టాను. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టేసరికి, ఆ హారన్ల కింద తలలెత్తి నిలబడ్డ జనం కళ్ళ ముందుకొచ్చారు. ఆగి, కొలిచి, ఒక్కదానికే పోశాను. కొలత సరిగ్గా వచ్చింది. అంతకుముందు రోజూ రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి, పొద్దున ఉల్లిపాయ నంజుకుని తిని ఆఫీసుకు వెళ్ళేదాన్ని. ఆ మర్నాడు గిన్నె మూత తీస్తే ఏమీ లేదు.