డేల్ మాస్కు తీసిన సాయంత్రం

మొన్న కొత్త రబ్బరు చేతితొడుగుల పెట్టె విప్పగానే ఘాటైన వాసన వచ్చింది. లేచి కిటికీ తెరిచాను. 1991 జనవరిలో, రియాద్ దగ్గర అల్ ఖర్జ్‌లోని మా డెయిరీ ఫారంలో పంచిన గ్యాస్ మాస్కుల వాసన అది. దానితోపాటే డేల్ గుర్తుకు వస్తారు.

ఆయన మా పశువుల విభాగానికి అధికారి. నేను అక్కడ రికార్డులు రాసేవాణ్ణి. అంతకుముందు అమెరికాలో పన్నెండేళ్లు రోడియో పోటీల్లో ఎద్దుల మీద స్వారీ చేసి బతికిన మనిషి ఆయన. ఒక చేత్తో తాడు బిగించి పట్టుకుని, రెండో చేయి దేనికీ తగలకుండా పైకెత్తి, ఎగిరి దూకే ఎద్దు మీద ఎనిమిది సెకన్లు నిలవాలి. అదీ వృత్తి. ఆయన గాయాలను అడిగి మరీ డైరీలో రాసుకున్నాను: పక్కటెముకలు ఐదు, భుజం రెండుసార్లు, ఎడమ మోకాలు ఒక్కసారి. ఆ మోకాలితోనే స్వారీ ముగిసింది, కుంటినడక మిగిలింది. అంతటి మనిషి మా ఆంబోతు సుల్తాన్ దొడ్డి గేటు ఏనాడూ దాటలేదు. దానికి మేత వేసేది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన రాజన్న. అతని అరచేతిని అది దూడలా నాకేది.

"ఏం ముదీర్, ఎద్దులెక్కినోడివి, గీ సుల్తాన్‌కు భయపడ్తవా?" అని ఒకనాడు రాజన్న దొడ్డిలోంచి ఎగతాళి చేశాడు. ముదీర్ అంటే అక్కడ పై అధికారి. కాస్త మర్యాద చేర్చి ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాను.

"భయపడతాను. పన్నెండేళ్లూ భయపడ్డాను. భయం లేనివాళ్లు నాకంటే ముందే మంచం పట్టారు," అన్నారు డేల్.

"ఏమన్నడు సార్?"

"భయమేనంటున్నారు."

"అయితే సుల్తాన్‌కు దండం పెట్టుమనుండ్రి!" అని రాజన్న పగలబడి నవ్వాడు. అదీ ఇంగ్లీషులో చెప్పగానే డేల్ నిజంగానే టోపీ తీసి ఆంబోతుకు వంగి నమస్కరించారు.

యుద్ధం మొదలై రియాద్ మీద క్షిపణులు పడసాగాయి. విషవాయువు ఉండవచ్చునని మాస్కులిచ్చారు. పనివాళ్లకు నోటీసు నేనే రాశాను: "సైరన్ మోగగానే మాస్కు ధరించవలెను. ప్రమాదం తొలగినట్లు చెప్పేవరకు తీయరాదు. పశువుల పని ఆపరాదు." డేల్ సంతకం చేశారు. మూడు వాక్యాలూ పొందికగా కుదిరాయని నాకు తృప్తి కలిగింది.

ఒక సాయంత్రం మేత వేళకు సైరన్ మోగింది. రాజన్న నోటీసు ప్రకారమే మాస్కు బిగించుకుని, గడ్డిమోపుతో దొడ్డిలోకి నడిచాడు. సుల్తాన్‌కు రోజూ కనిపించే ముఖం లేదు, రోజూ వినిపించే గొంతు లేదు. రెండు గాజుకళ్లు, నల్లటి మూతి ఉన్నదేదో తన మీదికి వస్తోంది. అది ఒక్క ఉదుటున అతన్ని కమ్మీలకేసి గుద్దింది. పడినవాణ్ణి మళ్లీ కుమ్మింది. గేటు దగ్గరే ఉన్న నేను అరిచాను. ఆ అరుపు నా మాస్కు దాటి బయటికి రాలేదు.

డేల్ పరుగెత్తుకొస్తూనే మాస్కు పీకి పారేశారు. గాలిలో ఏముందో మాలో ఎవరికీ తెలియని క్షణం అది. గేటెక్కి లోపలికి దూకి, టోపీతో సుల్తాన్ ముఖం మీద కొట్టి, "ఇటు! నన్ను చూడు!" అని అరుస్తూ ఆ కుంటికాలితోనే దాని చుట్టూ తిరిగారు. అది రాజన్నను వదిలి ఆయన వెంట పడింది. ఇద్దరు పనివాళ్లు రాజన్నను కమ్మీల కిందినుంచి బయటికి లాగారు. నేను కదల్లేదు. మొత్తం నలభై సెకన్లని డైరీలో ఉంది. నా చేత్తో రాసిన ఆ అంకెను నేనే నమ్మలేను. చివరికి అది డేల్‌ను గోడకేసి నొక్కింది. ఎవరో గొట్టంతో నీళ్లు దాని కళ్లలోకి కొట్టాకగాని వెనక్కి తగ్గలేదు. అప్పటికే ఆయన తుంటి ఎముక విరిగింది.

విషవాయువు రానేలేదు.

ఆసుపత్రిలో ఆయన నోటీసు తెమ్మన్నారు. తిడతారనుకున్నాను.

"మనుషుల వరకు సరిగ్గానే రాశావు," అన్నారు. "మా పోటీల్లో నూరు మార్కుల్లో యాభై ఎద్దుకే ఇస్తారు. ఆ సగం సంగతి నీకు తెలియదు, నాకు తెలుసు. తెలిసీ సంతకం పెట్టాను. కింద ఇంకో మాట చేర్చు: మాస్కుతో ఎవరూ సుల్తాన్ దగ్గరికి పోకూడదు. ఒక పూట మేత లేకపోతే అది చావదు."

ఆ మాట అక్కడే రాశాను. చంకకర్రలతో ఆయన స్వదేశానికి వెళ్లిపోయారు, మళ్లీ చూడలేదు.

కోలుకున్న రాజన్న కొన్నేళ్ల తరువాత జుబైల్ రేవుపట్నంలో కనిపించాడు. టీ తాగుతూ, "సార్, ఆనాడు మీరు మాస్కు ఎందుకు తియ్యలే?" అని అడిగాడు. నేను గ్లాసు కింద పెట్టేలోగా అతనే నవ్వేశాడు. "నోటీసు రాసిందే మీరాయె, ఎట్ల తీస్తరు!"

ఆ దొడ్డి సంఘటన జరిగిననాటినుంచి ఏ ఆదేశం రాయవలసి వచ్చినా, ముందుగా అది అమలయ్యే చోటికి వెళ్లి, దాన్ని చదవలేని ప్రాణి అక్కడ ఏదైనా ఉందేమో చూసి వస్తాను. రాజన్న నా తరఫున చెప్పిన జవాబును మాత్రం డైరీలో ఎక్కించలేదు. అది అతని దయ. నేను మాస్కు తీయనిది నోటీసు కోసం కాదు, నా ప్రాణం కోసం.