ఆదెమ్మ గ్లాసు

నందిగామలో ఏ సభ జరిగినా ప్రేమ గురించి, మంచితనం గురించి నాలుగు ముక్కలు చెప్పడానికి నన్నే పిలుస్తారు. ఇరవై మూడేళ్లుగా తెలుగు టీచర్ని. మైకు దొరికితే వదలనని మా వారు ఎగతాళి చేస్తుంటారు. ఆ ఉపన్యాసాల్లో సగం ఆదెమ్మ గురించే ఉండేవి.

ఆదెమ్మ మా స్కూల్లో ఆయా. అంతకుముందు చందర్లపాడు దగ్గర మా నాన్న పొలంలో పత్తి తీసేది. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. అయినా నేను ‘నువ్వు’ అంటాను, ఆమె ‘మీరు’ అంటుంది. అందులో తప్పేముందో నాకెప్పుడూ తోచలేదు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మొగుణ్ణి ఆరేళ్లపాటు పసిపిల్లాడిలా చూసుకుంది. అన్నం తిననని మొండికేసే ఎల్‌కేజీ పిల్లలు ఆమె ఒళ్లో కూర్చుంటే బాక్సులో మెతుకు మిగలదు. ఒకరి మీద చాడీ చెప్పగా నేను వినలేదు.

ఆమె సంచీలో ఎప్పుడూ ఒక స్టీలు గ్లాసు ఉంటుంది, దాని మీద పేరు కొట్టించుకుంది. స్కూల్లోనైనా పెళ్లిలోనైనా దాంతోనే తాగుతుంది. చదువు లేకపోయినా శుభ్రత తెలిసిన మనిషి, ఎవరి మీదా ఆధారపడని మనిషి అని పిల్లలకు ఆ గ్లాసునే చూపించి చెప్పేదాన్ని.

మొన్న ఏప్రిల్లో ఆమె పని మానేసిన రోజు స్కూల్లో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పాక నేను మైకు అందుకుని గ్లాసు కథ ఎత్తుకున్నాను. చప్పట్లు పడ్డాయి. అక్కడితో ఊరుకోవచ్చు కదా! మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, ఇంత మంచి అలవాటు నీకెవరు నేర్పారని అడిగాను. ఆమె నా వంక ఒక్కసారి చూసి తల వంచుకుంది. గుర్తు లేదని గొణిగింది.

ఆ చూపు నన్ను వదల్లేదు. ఇంటి దగ్గర దింపుతానని ఆమెతో ఆటో ఎక్కి, నిజంగానే గుర్తు లేదా అని మళ్లీ అడిగాను.

“మీరేనమ్మాయిగారూ” అంది.

నాకేమీ అర్థం కాలేదు. ఆమే చెప్పింది.

“మీరు పత్తిచేలోకి నీళ్లు తెచ్చారు. నేను కొత్తగా కాపరానికొచ్చా. మాకు దోసిట్లో పోస్తారని నాకు తెలవదు. బిందె మీద గ్లాసు తీసి తాగేసా. మీరు ఏడుస్తా లాక్కుని మట్టితో మూడుసార్లు తోమారు. అందరూ నవ్వారు. పుట్టింటికెళ్లినప్పుడు జగ్గయ్యపేటలో ఇది కొనుక్కున్నా. మీ వాటిల్లో కలవకుండా పేరు కొట్టించా.”

గోళ్లలో ఇరుక్కున్న నల్లమట్టి గుర్తొచ్చింది. ఇంటికెళ్లి చెబితే అమ్మ మెచ్చుకోవడం కూడా గుర్తొచ్చింది.

సభలో ఎందుకు చెప్పలేదని అడిగాను.

“మీరప్పటికి తొమ్మిదేళ్ల పిల్ల. మైకులో చెప్పే మాటా అది? పిల్లలందరూ మిమ్మల్నే చూస్తన్నారు” అంది.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. అప్పుడు తొమ్మిదేళ్లే, సరే. ఆ తర్వాత నలభై ఏళ్లు? మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చింది! ఒక్కసారైనా మా గ్లాసుతో మంచినీళ్లిచ్చానా? ఆమె గ్లాసు ఆమెకుంది కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అదే నాకు హాయిగా ఉంది. పైగా దాని మీద ఉపన్యాసాలిచ్చి చప్పట్లు కొట్టించుకున్నాను.

క్షమించమని అడగబోయాను. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆదెమ్మ సంచీలోంచి సీసా తీసి, తన గ్లాసులో నీళ్లు పోసి, ఒక్క క్షణం తటపటాయించి నా ముందు పట్టుకుంది.

“కడిగిందేనమ్మా, తాగండి.”

తాగాను. ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని, కడక్కుండానే సంచీలో పెట్టుకుంది.