విమానం చక్రం కింద నిమ్మకాయ

శంషాబాద్‌లో విమానాశ్రయం కొత్తగా మొదలైన రోజులవి. మా పెద్దబాపు వైమానిక దళంలో ఓ ఫైటర్ స్క్వాడ్రన్‌లో విమానాలకు బాంబులు బిగించే పని చేసి రిటైరయ్యాడు. ఆ స్క్వాడ్రన్ చరిత్ర వినని బర్రె కూడా మా తుక్కుగూడలో లేదు. స్క్వాడ్రన్ ఉత్సవానికి ఢిల్లీ రమ్మని పిలుపొస్తే తోడుగా నేను బయల్దేరాను.

బస్సు మమ్మల్ని విమానం దగ్గర దించింది. అందరూ మెట్లెక్కుతుంటే పెద్దబాపు మాత్రం జేబులోంచి నిమ్మకాయ తీసి చక్రం వైపు నడిచాడు. సెక్యూరిటీవాళ్లు పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరినీ జైల్లో వేస్తారని నేనూ వెనకాలే పరుగెత్తాను.

"జర ఆగుండ్రి! మా స్క్వాడ్రన్ల కొత్త విమానమొస్తే ముందుగాల నిమ్మకాయే తొక్కిస్తుంటిమి," అంటూ ఆ మహానుభావుడు తాను చూసిన యుద్ధం మొదటి రోజు నుంచి చరిత్ర అందుకున్నాడు. కిటికీల్లోంచి జనం మమ్మల్ని చూసి తరించారు. చివరికి సెక్యూరిటీవాళ్లు నిమ్మకాయ తీసుకుని మమ్మల్ని వదిలేశారు.

విమానం లేవగానే మా వీరుడు కళ్లు మూసుకుని నా చెయ్యి నలిపేశాడు.

"గంత లడాయి చూసినవ్, గీ భయమేంది పెద్దబాపూ?" అని వెక్కిరించాను.

"విమానంల బాంబులనెక్కిస్తిమి గని, మమ్ముల ఎవడెక్కించుకున్నడు బిడ్డా? గిదే మొదటిసారి."

ఢిల్లీ సభలో స్క్వాడ్రన్ చరిత్రను ఘనంగా, సుదీర్ఘంగా చదివారు. విమానంలో పెద్దబాపు చెప్పిన ఆ ఒక్క ముక్క మాత్రం అందులో ఎక్కడా వినిపించలేదు.