ఆకుపచ్చ పెన్సిలు పొడి అక్షరాలు

మా మనవరాలు నిత్య యూనివర్సిటీలో అకౌంటింగ్ చదువుతోంది. నిన్న బ్లాక్‌టౌన్‌లోని వాళ్ళింట్లో, తన తండ్రి కొట్టు లెక్కలు అచ్చు తీసి నా ముందు పెట్టింది. సరిచూద్దామని ఆకుపచ్చ పెన్సిలు చెక్కాను. ఆ చెక్క వాసనకు విక్టర్ గారు గుర్తొచ్చారు. ముప్పై ఏళ్ళు దాటినా ఆ పేరు నాకు చేదే.

ఎనభై ఏడు ఫిబ్రవరిలో సాయంత్రపు అకౌంటింగ్ కోర్సులో చేరాను. పగలు పారమట్టా స్టేషను దగ్గర మేడమీద, ఆయన ఆఫీసులో పని. ఆయనది మన నరసాపురం, ఈ పరాయి దేశంలో చర్చి పెద్ద. ఆయన దగ్గర మూడేళ్ళు చేసి, పని నేర్చానని ఆయన సంతకం తెచ్చుకుంటేనే నాకు అకౌంటెంటుగా గుర్తింపు. ప్రతి వరుసనూ పైనుంచి కిందికి కూడించి, కిందనుంచి పైకి మళ్ళీ కూడించేవారు. రెండూ కలిస్తేనే, కూడిన మనిషి ఆకుపచ్చ పెన్సిలుతో తన పొడి అక్షరాలు వేయాలి. నావి ఎస్.కె.

ఎందుకని ఒకసారి అడిగాను. పూర్వం లెక్కలు పైకి చదివి యజమానికి వినిపించేవారట. తర్వాత రాయడం వచ్చింది, ఆపైన జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు, రెండు వైపులా రాయడం వచ్చింది.

"రేపు ఇంకేదో వస్తాది. ఏదొచ్చినా, అడిగినోడి ఎదురుగా నిలబడి జవాబు చెప్పేదే అకౌంటింగ్ అమ్మా. మిగతాదంతా కూడికే" అన్నారు.

ఆ మాట నాకు మా లెక్చరర్లెవరూ చెప్పలేదు. ఆయన్ను తండ్రిలా చూసుకున్నాను.

మూడో ఏడు కంప్యూటర్ వచ్చింది. ఆయన ముచ్చటపడి, చేతి కూడికలు మాన్పించారు. యంత్రం కూడినదానికి నేను అక్షరాలు వేయనన్నాను. నవ్వి ఊరుకున్నారు.

ఆ అక్టోబరులో హారిస్ పార్క్ కిరాణా కొట్టాయన కాగితాలు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. వాపసు పంపిన సరుకు విలువ తీసేయాల్సింది పోయి, కొన్నదానిలో కలిసిపోయింది. దాంతో లాభం తక్కువ తేలి, పన్ను తక్కువ కట్టినందుకు కొట్టాయనకు జరిమానా పడింది. ఆ మొత్తం కింద ఆకుపచ్చగా ఎస్.కె. అని ఉంది. కె తోక కిందికి సాగి ఉంది. నా కె కి తోక ఉండదు.

"సార్, ఇది మీ రాత" అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. కొట్టాయనతో, "స్టూడెంట్ పిల్ల బ్రదర్, సారీ. ఇకమీద నేనే చూస్తాను" అన్నారు. కొట్టాయన వెళ్ళాక నాతో మెల్లగా, "ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదమ్మా. నాకు చర్చిలో పేరుంది. నీకేం పోయింది?" అన్నారు.

నాకు పోయింది మూడేళ్ళు. తప్పు నాదని ఒప్పుకుంటేనే సంతకమన్నారు. ఒప్పుకోలేదు. మరోచోట మొదటినుంచీ మళ్ళీ మూడేళ్ళు చేశాను. ఆయన పోయినప్పుడు చర్చిలో నిజాయితీపరుడని పొగిడారని విన్నాను. నేను వెళ్ళలేదు.

నిన్నటి కాగితం అడుగున "సరిచూసినవారు: నిత్య" అని అచ్చయి ఉంది. ఎప్పుడు చూశావే అని అడిగాను.

"నేనెక్కడ చూశా అమ్మమ్మా? యాప్ ఆటోమేటిక్‌గా వేసేస్తుంది. నో బిగ్ డీల్."

పెన్సిలు దాని చేతికిచ్చాను. పక్కన కూర్చోబెట్టుకుని, పైనుంచి కిందికి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి కూడించాను. నేర్పుతున్నంతసేపూ నా నోట్లోంచి వచ్చినవి విక్టర్ గారి మాటలే. అదే నాకు కంటగింపు.